ఊహాలోకంలో హద్దులు: కలిసి కట్టే ప్రపంచాన్ని పంచుకోవడం ఎందుకింత చిక్కు?

1826 జూన్‌లో ప్యాట్రిక్ బ్రాంటీ అనే చర్చి గురువు లీడ్స్ నుంచి ఇంటికొస్తూ కొడుకు బ్రాన్‌వెల్ కోసం ఒక పెట్టెడు చెక్క సైనికుల బొమ్మలు తెచ్చాడు. ఆయన పిల్లలు షార్లెట్, బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్ తలా ఒక బొమ్మ ఏరుకుని పేర్లు పెట్టుకున్నారు. ఆట పెరిగి పెరిగి గ్లాస్ టౌన్ అనే ఊహాలోకం అయింది. ఆఫ్రికా పడమటి తీరంలో ఉన్నట్టు అనుకున్న ఆ సమాఖ్యలో నలుగురికీ తలా ఒక రాజ్యం ఉండేది. బ్రాన్‌వెల్ దానికి మ్యాపు కూడా గీశాడు. అయితే కథ ఎటు పోవాలో మాత్రం ఎక్కువగా పెద్దవాళ్లు షార్లెట్, బ్రాన్‌వెల్‌లే తేల్చేవారు. కొన్నేళ్లకు ఎమిలీ, ఆన్ ఆ లోకం వదిలేసి, ఉత్తర పసిఫిక్‌లో గోండాల్ అనే సొంత ద్వీపం సృష్టించుకుని అక్కడి కథలు రాసుకున్నారు.

వాళ్లకు మ్యాపు మీద వాటా ఉంది, కథ మీద చెల్లుబాటయ్యే మాట లేదు. ఇవాళ కలిసి ఊహాలోకాలు కట్టే బృందాల్లో వచ్చే తగాదాల్లో చాలావరకు ఇదే తగాదా. పైకి మాత్రం "నా రాజ్యం చిన్నగా ఉంది", "ఆ నది నాది" అన్నట్టు కనిపిస్తుంది.

## ఒకే గీతకు మూడు అర్థాలు

ముందు మాటలు తేల్చుకుందాం. కలిసి కట్టే ఊహాలోకం అంటే ఒకే కల్పిత ప్రపంచంలో పలువురు తలా ఒక చేయి వేసి కథలు, చరిత్రలు, మనుషులు, దేవుళ్లను తయారుచేయడం. కొందరు టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో ఆడుతూ కడతారు, ఇంకొందరు ఉమ్మడి ఫైల్‌లో వంతులవారీగా రాస్తారు. ఆ లోకంలో నిజమని అందరూ ఒప్పుకున్న సంగతులన్నిటినీ కలిపి కేనన్ అంటారు.

అలాంటి లోకపు మ్యాపు మీద ఎవరైనా ఒక గీత గీస్తే, ఆ గీత మూడింటిలో ఏదైనా కావచ్చు. మొదటిది నేల గీత: కొండ ఎక్కడ ఆగింది, తీరం ఎక్కడ మొదలైంది. రెండోది పాలన గీత: ఏ రాజు అధికారం ఎక్కడిదాకా నడుస్తుంది. మూడోది రాత గీత: ఈ చోట ఏం జరిగిందో చెప్పే చివరి మాట ఎవరిది. మొదటి రెండూ కథ లోపల ఉంటాయి. మూడోది కథ బయట, నిజమైన మనుషుల మధ్య ఉంటుంది. నేల లక్షల ఏళ్లకు మారుతుంది, పాలన ఒక్క యుద్ధంతో మారుతుంది, రాత హక్కు బృందం ఒప్పుకుంటేనే మారాలి. ఈ మూడింటినీ ఒకే నల్లగీతతో గీస్తే చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 'క' కొండల రాజ్యం రాస్తున్నాడు. 'గ' మైదానపు సామ్రాజ్యం రాస్తోంది. కథలో సామ్రాజ్య సైన్యం కనుమ దాటి ఒక కోటను పట్టుకుంది, పాలన గీత 50 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగింది. మరి ఆ కోట గురించి ఇకమీదట రాసేదెవరు? గీత ఒక్కటే అయితే 'గ' రాయాలి. అంటే 'క' యుద్ధంతోపాటు తన పాత్రల్నీ, తన ఊళ్లనీ పోగొట్టుకున్నట్టే. ఒకసారి ఇలా జరిగితే మళ్లీ ఏ రచయితా తన రాజ్యాన్ని ఓడిపోనివ్వడు. ప్రతి కోటకూ దాటలేని గోడ, ప్రతి సైన్యానికీ ఓటమి ఎరగని సేనాపతి పుట్టుకొస్తారు. ఆ లోకంలో ఇక చెప్పుకోదగ్గదేమీ జరగదు.

గీతలు వేరుగా ఉంటే కోట మీద సామ్రాజ్యపు జెండా ఎగురుతుంది, కోటలోని జనం బతుకు మాత్రం 'క' రాస్తూనే ఉంటాడు. పరాయి పాలనలో పన్ను కట్టడం, భాష దాచుకోవడం, పిల్లలకు పాత రాజు కథ గుసగుసగా చెప్పడం, ఇవన్నీ అతని చేతికొస్తాయి. ఓడినవాడికి గెలిచినవాడికన్నా మంచి కథ దక్కింది. కలిసి కట్టే లోకానికి ఇంతకన్నా ముఖ్యమైన ఏర్పాటు ఇంకోటి లేదని నా నమ్మకం.

ఆచరణలో ఇది పెద్ద పనేం కాదు. చాలా డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లలో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే విడివిడి పొరలు ఉంటాయి. నేల ఒక లేయర్, పాలన ఒక లేయర్, రాత హక్కు ఒక లేయర్. పాలన లేయర్‌కు ఆ లోకపు సంవత్సరం తప్పకుండా రాసిపెట్టాలి. తేదీ లేని రాజకీయ మ్యాపును రెండొందల ఏళ్ల ముందు జరిగే కథకు ఎవరో ఒకరు వాడేస్తారు.

## మ్యాపు ముందా, కథ ముందా?

దీని మీద రెండు గట్టి వాదాలున్నాయి. మొదటి పక్షం వాళ్లు ఖండం మొత్తం ముందే గీసి, ఆ తర్వాతే ఎవరి చోటు వాళ్లకివ్వాలంటారు. అప్పుడు దూరాలు తప్పవు, నదులు కొండెక్కవు, ఎవరికి ఎంత వచ్చిందో మొదటిరోజే కళ్లకు కడుతుంది. రెండో పక్షం వాళ్లు ఖాళీ కాగితం మీద ఒక ఊరుతో మొదలుపెట్టి, కథ ఎటు పోతే అటే మ్యాపు పెంచాలంటారు. కథకు ఒక ఓడరేవు కావాల్సి వచ్చినప్పుడు తీరం ఎక్కడో ముందే బిగించేసి ఉంటే ఊపిరాడదని వీళ్ల బాధ.

రెండో పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. చూడని నేలను పంచుకోవాల్సి వస్తుంది. చరిత్రలో దీనికి పేరుమోసిన ఉదాహరణ 1494 నాటి టోర్డెసియాస్ ఒప్పందం. కేప్ వర్డ్ దీవులకు పడమరగా 370 లీగుల దూరంలో ఉత్తర దక్షిణాలుగా ఒక గీత ఊహించుకుని, అటు కొత్తగా దొరికేది స్పెయిన్‌కి, ఇటు దొరికేది పోర్చుగల్‌కి అనుకున్నారు. సముద్రం మీద రేఖాంశం కచ్చితంగా కొలిచే సాధనం అప్పటికి లేదు. దీవుల్లో ఏ దీవి నుంచి కొలవాలో కూడా రాసుకోలేదు. ఆ గీతకు తూర్పున పడటం వల్లే బ్రెజిల్ తీరం పోర్చుగల్‌కు చెందింది. ఇక భూగోళానికి అవతలి వైపు అదే గీత ఎక్కడ పడుతుందన్న గొడవ ఇప్పటి ఇండోనేషియాలోని మొలక్కా (మలుకు) దీవుల దగ్గర తేలి, 1529లో జరగోసాలో ఇంకో ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. "తెలియని ఉత్తరమంతా నీది, దక్షిణమంతా నాది" అని మాటవరసకు అనుకునే బృందాలు ఇదే గీత గీస్తున్నాయి. ఏ చోటు నుంచి, ఏ కొలతతో, ఎంతదాకా అన్నవి రాసుకోకపోతే అది ఒప్పందం కింద లెక్కకు రాదు.

చాలా బృందాలు మధ్యేమార్గంగా తీరం, పెద్ద కొండల వరస, రెండు మూడు పెద్ద నదులు ముందే ఒప్పుకుని మిగతాది ఖాళీగా వదులుతాయి. ఈ పద్ధతి ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎందుకంటే తర్వాత మార్చడం కష్టమైనవి సరిగ్గా అవే.

## రోజుకు ఎంత నడక?

హద్దుల కన్నా ముందు తేలాల్సింది స్కేలు. ఒకరి కథలో రాజధాని నుంచి రేవుకు మూడు రోజుల ప్రయాణం, ఇంకొకరి కథలో అదే దారికి నెల పడితే ఆ ఇద్దరి రాజ్యాల విస్తీర్ణం పోల్చడానికే వీల్లేదు.

కిలోమీటర్లకన్నా రోజులతో కొలవడం తేలిక. మంచి దారిలో మనిషి రోజుకు 30 కిలోమీటర్లు నడుస్తాడనుకుందాం. మ్యాపు మీద ఆరు భుజాల గళ్లు పరిచి, ఒక్కో గడి ఎదురెదురు భుజాల మధ్య దూరం 30 కిలోమీటర్లు అనుకుంటే, ఒక గడి అంటే ఒక రోజు. దాని విస్తీర్ణం దాదాపు 780 చదరపు కిలోమీటర్లు. 20 వరసలు, వరసకు 20 గళ్లు, మొత్తం 400 గళ్ల మ్యాపు 3,12,000 చదరపు కిలోమీటర్ల నేల. ఇంచుమించు పోలండ్ అంత. అడ్డంగా దాటడానికి 20 రోజులు. కొండ గడికి రెండు రోజులు, చిత్తడి గడికి మూడు అని నియమం పెట్టుకుంటే సైన్యం కదలికల మీద సగం వాదనలు పుట్టవు. "ఖండం" అని పిలుచుకుంటున్నది నిజానికి ఒక దేశమంతే ఉందని చాలామందికి ఈ లెక్క వేశాకే తెలుస్తుంది.

గళ్లు చతురస్రాలు కాకుండా ఆరు భుజాలవే ఎందుకంటే, వాటిలో పక్కనున్న ఆరు గళ్ల మధ్యబిందువులూ సమాన దూరంలో ఉంటాయి. చతురస్రంలో మూల గడికి వెళ్తే దూరం 1.41 రెట్లు.

లోకం మొత్తాన్ని, అంటే గోళాన్ని గీసేవాళ్లకు ఇంకో ఉచ్చుంది. గోళాన్ని ఏ వక్రీకరణా లేకుండా చదునైన కాగితం మీదికి దించడం అసాధ్యమని గణితవేత్త గాస్ 1827లో నిరూపించాడు. అక్షాంశ రేఖాంశాల్ని సమానమైన గళ్లుగా గీసే మామూలు మ్యాపులో, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర తూర్పు పడమర దూరం అసలుకు రెట్టింపుగా కనిపిస్తుంది. మ్యాపు మీద ఒకే వైశాల్యం కనిపించే రెండు రాజ్యాల్లో ఒకటి భూమధ్యరేఖ దగ్గర, ఇంకోటి ఆ ఉత్తరాన ఉంటే, ఉత్తరాది రచయితకు నిజంగా దక్కింది సగం నేలే.

తీరం పొడవును బట్టి పంచుకుందామనే ఆలోచన కూడా వస్తుంటుంది. అది కుదరదు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త దేశాల సరిహద్దుల పొడవులు పోల్చి చూస్తే, స్పెయిన్, పోర్చుగల్ మధ్య ఒకే సరిహద్దుకు ఒక లెక్క 987 కిలోమీటర్లు, ఇంకో లెక్క 1,214 కిలోమీటర్లు చూపించాయి. ఎవరూ అబద్ధమాడలేదు. కొలకర్ర చిన్నదయ్యేకొద్దీ ప్రతి వంపూ లెక్కలోకొచ్చి పొడవు పెరుగుతుంది. గణితవేత్త మాండెల్‌బ్రాట్ 1967లో బ్రిటన్ తీరం మీద రాసిన ప్రసిద్ధ పరిశోధన ఈ ప్రశ్న మీదే. ఊహాలోకంలో దీని అర్థం ఏంటంటే, తన తీరాన్ని ఓపిగ్గా వంపులు తిప్పి గీసినవాడికి ఎక్కువ తీరం ఉన్నట్టు లెక్క తేలుతుంది.

## నీళ్లకూ గాలికీ హద్దులు తెలియవు

రాత హక్కు ఎంత చక్కగా పంచుకున్నా, ఒకరి నేల మీద గీసిన కొండ ఇంకొకరి నేల మీద వాన ఆపేస్తుంది. తేమగాలి ఎత్తైన కొండల్ని ఎక్కేటప్పుడు చల్లబడి అక్కడే కురుస్తుంది, అవతలి వైపుకు పొడిగాలే దిగుతుంది. ఆ అవతలి ప్రాంతాన్నే వర్షచ్ఛాయ అంటారు. 'చ' పడమటి తీరాన ఆకాశాన్నంటే కొండలు గీసి, గాలి సముద్రం నుంచి తూర్పుకు వీస్తుందని రాసిందనుకుందాం. దానికి తూర్పున 'త' ఎప్పుడో గోధుమ చేల దేశం రాసిపెట్టాడు. 'చ' తన హద్దు ఒక్క అడుగు కూడా దాటలేదు, అయినా 'త' దేశం ఎండిపోయింది.

సర్దుబాటుకు దారులు లేకపోలేదు. కొండల వరసలో ఒక పెద్ద సందు ఉంచొచ్చు, గాలి దిశ మార్చొచ్చు. నాకు నచ్చేది మూడో దారి. కొండల మీద కురిసిన నీళ్లే నదిగా తూర్పుకు దిగి ఆ పొడినేలను పండించాలి. ఈజిప్టులో వాన దాదాపు పడదు, ఎక్కడో ఇథియోపియా ఎత్తుల మీద కురిసిన వానతో నైలు పొంగి వేల ఏళ్లు ఆ దేశాన్ని పోషించింది. ఇప్పుడు 'త' దేశపు ప్రాణం 'చ' కొండల్లో ఉంది. ఆనకట్ట కడతామన్న బెదిరింపు, నీళ్ల కోసం పెళ్లిసంబంధం, నది పుట్టిన చోటికి తీర్థయాత్ర, అన్నీ దానంతటవే వస్తాయి.

నదుల విషయంలో సాధారణంగా జరిగే పొరపాటు వాటిని రోడ్లలా గీయడం. నదులు దిగువకు పోయేకొద్దీ కలుస్తాయి, డెల్టా దగ్గర తప్ప చీలడం అరుదు. సరస్సులోకి ఎన్ని ఏర్లైనా రావచ్చు, బయటికి పోయేది మామూలుగా ఒక్కటే.

మాయలూ మంత్రాలూ ఉన్న లోకానికి ఈ భౌగోళికశాస్త్రం ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. దేవుడు చెక్కిన లోకంలో నది కొండెక్కితే తప్పేంటి? ఒంటరిగా రాసేవాళ్లకైతే ఏ తప్పూ లేదు. నలుగురు కలిసి రాసేటప్పుడు మాత్రం భౌగోళికశాస్త్రం ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరికీ తెలిసిన నియమాల పుస్తకంలా పనికొస్తుంది. నది కొండెక్కొచ్చు. ఎందుకు ఎక్కుతుందో, ఇంకెక్కడ ఎక్కదో మిగతా ముగ్గురికీ ముందే తెలిసుంటే చాలు.

## నది, శిఖరం, తిన్నని గీత

ఇక రాజ్యాల మధ్య హద్దు ఎక్కడ వేయాలన్న ప్రశ్న. అందరికీ ముందు తట్టేది నది. "ఏరు దాటితే పరాయి రాజ్యం" అని రాయడానికి బాగుంటుంది. కానీ నదికి వెడల్పుంటుంది. ఒడ్డు హద్దా, నడిమధ్య హద్దా, పడవలు నడిచే లోతైన పాయ హద్దా? నిజప్రపంచంలో పడవలు తిరిగే నదులకు ఎక్కువగా ఆ లోతైన పాయనే తీసుకుంటారు. లేకపోతే రేవులన్నీ ఒకరికే పోతాయి.

పైగా నది కదులుతుంది. 1848 ఒప్పందంతో రియో గ్రాండే నది అమెరికా, మెక్సికోల హద్దయింది. 1860ల నాటికి ఎల్ పాసో దగ్గర నది దక్షిణానికి జరిగింది. చమిజాల్ అని పిలిచే సుమారు 600 ఎకరాల మెక్సికో నేల నదికి అమెరికా వైపున తేలింది. 1911లో మధ్యవర్తులు తీర్పిచ్చినా అమెరికా ఒప్పుకోలేదు. చివరికి 1963లో కొత్త ఒప్పందం చేసుకుని, నది మళ్లీ కదలకుండా దానికి కాంక్రీటు కాలువ కట్టారు. ఇలాంటి వివాదాల్లో చాలాకాలంగా వాడుతున్న నియమం ఒకటుంది. నది మెల్లమెల్లగా ఒడ్డు కోస్తూ జరిగితే హద్దు కూడా దానితో జరుగుతుంది, ఒక్క వరదతో దారి మార్చుకుంటే హద్దు పాత నదీగర్భంలోనే ఉండిపోతుంది. ఊహాలోకంలో ఈ నియమాన్ని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. ఎండిపోయిన పాత పాయ అవతల చిక్కుకున్న ఊరంటే ఏ రచయితకు ఆశ పుట్టదు?

కొండలైనా అంత తేలిక కాదు. 1881లో అర్జెంటీనా, చిలీ తమ హద్దు "నీళ్లను వేరుచేసే ఎత్తైన శిఖరాల" మీదుగా పోతుందని రాసుకున్నాయి. పటగోనియాకు వచ్చేసరికి ఎత్తైన శిఖరాలు ఒకచోట, నీళ్లు విడిపోయే గట్టు ఇంకోచోట ఉన్నాయని తేలింది. ఒకరు శిఖరాలన్నారు, ఒకరు నీళ్లన్నారు. 1902లో బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ తీర్పుతో మధ్యేమార్గంగా గీత పడింది. ఒక్క వాక్యంలో రెండు కొలతలు పెట్టడమే అక్కడ జరిగింది. ఊహాలోకపు ఒప్పందాల్లో "కొండలదాకా, అడవి అంచుదాకా" అని రాసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

స్కేలు పెట్టి గీసిన తిన్నని గీత స్పష్టంగా ఉంటుంది, కానీ ఆ గీత గీసినవాడి చేతిలో ఉన్న మ్యాపు సరైనదైతేనే. 1783లో బ్రిటన్, అమెరికా హద్దు రాసినప్పుడు, లేక్ ఆఫ్ ద వుడ్స్ సరస్సు వాయవ్య మూల నుంచి నేరుగా పడమరకు పోతే మిసిసిపి నది తగులుతుందనుకున్నారు. తగలదు. ఆ పొరపాటును దిద్దుతూ పోయినందుకు మిన్నెసోటాలో నార్త్‌వెస్ట్ యాంగిల్ అనే చిన్న ముక్క మిగిలింది. అక్కడికి నేల దారిలో వెళ్లాలంటే ఇప్పటికీ కెనడా గుండానే వెళ్లాలి. మ్యాపులో దొర్లిన తప్పును చెరిపేయకుండా, "అప్పట్లో మ్యాపు గీసినవాడు అలా అనుకున్నాడు" అని కథలోకి తీసుకోవడం ఊహాలోకాలకు చాలాసార్లు మేలు చేస్తుంది.

అసలు సన్నటి గీతే ఉండాలా అన్నది ఇంకో వాదం. రాజులు, కోటలు, సామంతులు ఉన్న పాతకాలపు లోకంలో అధికారం గీత దగ్గర టక్కున ఆగేది కాదు. ఆగ్నేయాసియా పాత రాజ్యాల్ని వివరించడానికి చరిత్రకారులు మండలం అన్న మాట వాడతారు. రాజధాని దగ్గర దట్టంగా ఉండి, దూరం పోయేకొద్దీ పలచబడే అధికారం అది. మధ్యలో ఇద్దరికీ కప్పం కట్టే ఊళ్లుంటాయి. ఐరోపాలో ఒకే ఊరి నేలలు వేర్వేరు ప్రభువుల కింద ముక్కలై ఉండేవి. ఆ అవశేషం నెదర్లాండ్స్‌లోని బార్లె ఊళ్లో ఇంకా కనిపిస్తుంది. అక్కడ బెల్జియం ముక్కలు నేల మీద చెదిరిపోయి ఉంటాయి, హద్దు ఇళ్ల మధ్య నుంచి పోతుంది, వీధి తలుపు ఎటువైపు ఉంటే ఇల్లు ఆ దేశానిది. పాలన లేయర్‌ను గీతలకు బదులు రంగుల చిక్కదనంతో చూపిస్తే పాతకాలపు లోకాలకు నప్పుతుంది. కాకపోతే రాత లేయర్‌లో మాత్రం సన్నటి స్పష్టమైన గీతే ఉండాలి. అక్కడ మసక పనికిరాదు.

## సమానంగా పంచడం, న్యాయంగా పంచడం

నలుగురికీ తలా వంద గళ్లు ఇస్తే సమానం. కానీ ఒకరికి వంద గళ్ల మంచుమైదానం, ఇంకొకరికి వంద గళ్ల డెల్టా వస్తే ఎవరూ దాన్ని న్యాయమనరు. విలువ నేలలో లేదు, రాసేవాళ్ల ఆశలో ఉంది. ఎడారి కోసమే వచ్చినవాళ్లకు ఎడారే బంగారం. పంపకం గణితం చేసేవాళ్లు ఈ తేడానే ఆధారం చేసుకుంటారు.

ఇద్దరే ఉంటే పాత పద్ధతి సరిపోతుంది: ఒకరు గీత గీస్తారు, రెండోవాళ్లు ముందు ఎంచుకుంటారు. ఎక్కువమందైతే 1940లలో పోలండ్ గణితవేత్తలు బనాఖ్, క్నాస్టర్ చెప్పిన పద్ధతి ఉంది. నలుగురుంటే, మొదటి మనిషి తనకు నాలుగోవంతు విలువ అనిపించే ముక్క గీస్తాడు. మిగతావాళ్లు వంతులవారీగా చూసి, అది నాలుగోవంతు కన్నా ఎక్కువనిపిస్తే హద్దు లోపలికి జరుపుతారు. చివరిగా జరిపినవాళ్లకే ఆ ముక్క, ఎవరూ జరపకపోతే గీసినవాడికే. మిగిలిన నేలతో మిగిలినవాళ్లు మళ్లీ మొదలుపెడతారు. ప్రతి ఒక్కరికీ తమ లెక్కలో కనీసం నాలుగోవంతు గ్యారంటీ. అయితే పక్కవాళ్ల ముక్క చూసి ఈర్ష్య పుట్టదని మాత్రం ఈ పద్ధతి హామీ ఇవ్వదు.

మార్కులతో చేసే పంపకం ఇంకా ఆసక్తికరం. దీన్ని స్టీవెన్ బ్రామ్స్, అలన్ టేలర్ అనే పరిశోధకులు ఇద్దరు మనుషుల మధ్య పంపకం కోసం రూపొందించారు. 'క', 'గ' చెరో వంద మార్కుల్ని నాలుగు ప్రాంతాల మీద పెట్టాలి. 'క' రేవుకు 40, డెల్టాకు 30, ఎడారికి 20, కొండలకు 10 వేశాడు. 'గ' కొండలకు 55, రేవుకు 30, డెల్టాకు 10, ఎడారికి 5 వేసింది. ముందు ఏ ప్రాంతం ఎవరికి ఎక్కువ విలువో వాళ్లకిచ్చేస్తాం. 'క'కు రేవు, డెల్టా, ఎడారి కలిపి 90. 'గ'కు కొండలు, 55. ఇది సమం కావాలంటే 'క' నుంచి ఏదో కొంత ఇవ్వాలి. ఇద్దరి మార్కులూ దగ్గరగా ఉన్నది, అంటే తీసుకుంటే అతనికి తక్కువ నష్టం, ఆమెకు ఎక్కువ లాభం ఉన్నది రేవు (40కి 30). రేవును చెరిసగం చేస్తే 'క'కు 20 పోయి 70 మిగులుతాయి. 'గ'కు 15 కలిసి 70 అవుతాయి. ఇద్దరికీ తమ తమ లెక్కలో డెబ్బైవంతులు దక్కాయి. చెరో సగం నేల అని కొలిచి పంచుకుంటే ఇంత దక్కడం కష్టం.

ఇద్దరికి మించితే ఈ పద్ధతి ఇచ్చే హామీలన్నీ ఒకేసారి నిలబడవు. అప్పుడు చాలామంది వంతులవారీ ఎంపిక వైపు పోతారు. వరస క, గ, చ, త అని ఒకసారి, తర్వాత త, చ, గ, క అని తిరగేసి. ఎప్పుడూ ఒకే వరసలో ఎంచుకుంటే మొదటివాళ్లు ప్రతిసారీ లాభపడతారు, తిప్పితే ఆ తేడా చాలావరకు తగ్గుతుంది.

## ఎవరిదీ కాని నేల, ఇద్దరిదీ అయిన నేల

సగం సగం అయిన ఆ రేవుపట్నాన్ని ఎలా రాస్తారు? నది మధ్యలో గీత గీసి రెండు ఒడ్లు పంచుకోవచ్చు. అంతకన్నా అందమైన ఏర్పాటు బిడసోవా నదిలో ఉంది. స్పెయిన్, ఫ్రాన్స్ 1659లో పిరనీస్ ఒప్పందం ఫెజెంట్ ద్వీపంలో చేసుకున్నాయి. ఇప్పుడు ఆ చిన్న ద్వీపాన్ని ఆరు నెలలు ఒకరు, ఆరు నెలలు ఇంకొకరు పాలిస్తారు. ఊహాలోకపు రేవులో వర్షాకాలం ఒక రాజ్యం చట్టం, ఎండాకాలం ఇంకో రాజ్యం చట్టం నడిస్తే, ఆ మారే రోజున ఖైదీల సంగతేంటి, పన్నుల సంగతేంటి? రాత హక్కు కూడా అలాగే వంతులుగా ఇవ్వొచ్చు.

ఎవరిదీ కాని నేల దీనికి తలకిందులు. ఈజిప్టు, సుడాన్ మధ్య 1899లో 22వ అక్షాంశం మీద తిన్నని హద్దు గీశారు. 1902లో అక్కడి తెగల వాడుకను బట్టి వేరే పరిపాలన గీత గీశారు. ఇవాళ ఈజిప్టు మొదటి గీతనూ, సుడాన్ రెండో గీతనూ సరైనదంటున్నాయి. ఎందుకంటే సముద్రతీరంలోని హలాయిబ్ ముక్క అలా అయితేనే తమకు వస్తుంది. ఫలితంగా రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన బిర్ తవీల్ అనే ఎడారిముక్క ఇద్దరికీ వద్దయింది. అది కావాలంటే హలాయిబ్‌ను వదులుకోవాలి. రెండు మ్యాపులు నడుస్తున్న ప్రతి బృందంలోనూ ఇలాంటి ముక్క ఎక్కడో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

మ్యాపును నిండుగా పంచేయాలా, కొంత ఖాళీగా ఉంచాలా అన్నదాని మీద కూడా అభిప్రాయభేదాలున్నాయి. ఖాళీ నేల ఉంటే కొత్తగా చేరేవాళ్లకు చోటుంటుంది. కానీ అందరిదీ అయిన నేలను ఎవరూ పట్టించుకోకపోవడమూ, అందరూ తమ పాత కక్షలు తీర్చుకోవడానికి వాడుకోవడమూ జరుగుతుంటుంది. మ్యాపులో కొంత భాగం ఉమ్మడిగా ఉంచి, అక్కడ ఎవరైనా కథ నడపొచ్చు గానీ కొండను కూల్చడం, ఊరిని తగలబెట్టడం లాంటి తిరిగిరాని మార్పులు మాత్రం అందరూ ఒప్పుకుంటేనే అన్న నియమం పెడితే సరిపోతుంది.

## చివరి మాట ఎవరిది?

ఈ చివరి మాటను పలువురి మధ్య పంచి పెద్దస్థాయిలో నడిపిన ఏర్పాటు లివింగ్ గ్రేహాక్. 2000 నుంచి 2008 దాకా నడిచిన ఆ ఉమ్మడి ఆటలో, ఊహాలోకపు మ్యాపులోని రాజ్యాల్ని నిజప్రపంచపు ప్రాంతాలకు కేటాయించారు. ఒక్కో ప్రాంతపు బృందం తన రాజ్యపు కథలు తానే తయారుచేసేది, అందరికీ వర్తించే కథలు మాత్రం కేంద్రం నుంచి వచ్చేవి. స్థానికంగా స్వేచ్ఛ, మొత్తం మీద ఒక పర్యవేక్షణ. చిన్న బృందాల్లో దీనికి సమానం ఒక సంపాదకుడు. ఒక్కరే తేల్చితే పని వేగంగా సాగుతుంది, లోకం అతుకులబొంతలా తయారవదు. అయితే ఆ ఒక్కరి అభిరుచే కేనన్ అయిపోతుందన్న టెన్షన్ మిగతావాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. ఓటింగ్ పెడితే అందరికీ మాట ఉంటుంది, కానీ ముగ్గురు కలిసి నాలుగోవాళ్ల రాజధానిని బూడిద చేసేయొచ్చు. అందుకే ఒకరి సొంత నేల మీద మిగతావాళ్ల ఓటు చెల్లదు, పక్కనేల మీద ప్రభావం చూపేదానికి ఆ పక్కవాళ్ల ఒప్పుదల కావాలి అన్న రెండు నియమాలు కలిపి పెట్టడం నాకు సబబుగా తోస్తుంది. కొండలు, వాన విషయంలో 'చ', 'త'ల మధ్య వచ్చిన చిక్కు ఈ రెండో నియమం కిందికే వస్తుంది.

బయటి చట్టం కూడా ఒకటుంది. కాపీరైట్ ఆలోచనకు వర్తించదు, ఆ ఆలోచనకు ఇచ్చిన రూపానికి వర్తిస్తుంది. "ఉత్తరాన కొండల రాజ్యం" అన్న ఊహ ఎవరి సొత్తూ కాదు, గీసిన మ్యాపు మాత్రం వేరే ఒప్పందం లేకపోతే గీసినవాళ్లదే. వాళ్లు అలిగి వెళ్లిపోతే మిగతావాళ్లు ఆ బొమ్మ వాడుకోలేని పరిస్థితి రావచ్చు. అందుకని కొన్ని బృందాలు మొదటే క్రియేటివ్ కామన్స్ షేర్‌అలైక్ లాంటి లైసెన్సు కింద అంతా పెడతాయి: పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చి ప్రచురిస్తే అదే షరతులు కొనసాగించాలి. ఒకసారి ఇచ్చిన ఆ అనుమతిని వెనక్కి తీసుకోలేరు. ఇది అందరికీ నచ్చాలని లేదు. తన దేశంతో విడిగా పుస్తకం వేసుకోవాలనుకునేవాళ్లకు ఇబ్బందే. వాళ్లు తమ ప్రాంతం వరకు హక్కు తమ దగ్గరుంచుకుని, బృందానికి వాడుకునే అనుమతి మాత్రం రాతపూర్వకంగా ఇస్తారు.

ఎవరైనా బృందాన్ని వదిలి వెళ్తే వాళ్ల నేల ఏమవుతుంది? దానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఆ రాజ్యాన్ని ఉన్నచోటే ఆపేసి, పేరు ప్రస్తావించొచ్చు గానీ కొత్తగా ఏదీ జరగకుండా చూడటం ఒకటి. ఉమ్మడి నేలలో కలిపేయడం ఒకటి. వెళ్లేవాళ్లే ఒకరికి అప్పగించడం ఒకటి. మూడోది కుదిరితే అదే మేలు, ఎందుకంటే చెప్పని కథలు, దాచిన రహస్యాలు కూడా చేతులు మారతాయి. కోపంలో కొందరు నాలుగో పద్ధతికి దిగుతారు. భూకంపం తెప్పించి ఆ దేశాన్ని సముద్రంలో కలిపేస్తారు. ఆ పని చేసే ముందు పాలన లేయర్ పక్కన పెట్టి నేల లేయర్ ఒకసారి తెరిచి చూడాలి. ఆ దేశంలో పుట్టిన నది ఎవరి పొలాల్లోకి పారుతోందో, ఆ తీరం దాటి ఎవరి ఓడలు వెళ్తున్నాయో అక్కడ కనిపిస్తుంది. వాళ్లందరి ఒప్పుదలా తీసుకోవాల్సిందే.